బాగుందన్న వారందరూ కొంటారా?

ప్రశ్న: మాది కావలి. వయసు 34. ఇంటర్మీడియట్‌లో బైపీసీ, ఆ తరువాత డిగ్రీ చదివాను. కొన్నేళ్ళు ఒక బ్యూటీ పార్లర్‌లో పనిచేశాను. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పద్ధతిలో సున్నిపిండి, మందార తలనూనె చేస్తాను. సున్నిపిండిలో పెసలు, శనగలు, బియ్యం, గులాబీ రేకులు, కచ్చూరాలు, వేపాకు, పసుపు, బావంచాలు, ఎండబెట్టిన నిమ్మతొక్కలు వేస్తాను. ఈమధ్య కలబంద జెల్, పెదవులకు రాసుకొనే బామ్ కూడా చేస్తున్నాను. గత శ్రావణమాసంలో బంధువుల పెళ్ళిళ్ళలోనూ, మా పొదుపు సంఘంలోనూ చాలామందికి వీటిని ఉచితంగా ఇచ్చాను. అందరూ బాగుందన్నారు, అమ్మకానికి పెడితే తప్పక కొంటామన్నారు. తీరా 200 గ్రాముల సున్నిపిండి ప్యాకెట్టును 80 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక కొన్నవారు కొద్దిమందే. ప్యాకెట్టుకు పదార్థాల ఖర్చు 40 రూపాయలే, అంటే సగానికి సగం లాభం. నేనూ, మా ఆడపడుచూ కలిసి రెండు రోజుల్లో 50 ప్యాకెట్లు చేస్తాం. ఫ్యాన్సీ షాపుల వారేమో ముఖం తెల్లబడే క్రీము ఉంటే ఇమ్మంటున్నారు. చెన్నై వ్యాపారి ఒకరు అలాంటి క్రీమును కిలోల లెక్కన ఇస్తాననీ, డబ్బాలపై నా పేరు వేసుకోవచ్చుననీ చెబుతున్నాడు. 8 లక్షల రూపాయల అప్పు తీసుకొని, పన్నెండు రకాలతో సొంత బ్రాండు, ఒక చిన్న షోరూము పెట్టాలని నా ఆలోచన. మా వారు వెనకాడుతున్నారు. సౌందర్య సాధనాలు కొనాలన్న ఉద్దేశం మనుషుల్లో దేనివల్ల కలుగుతుంది? ఈ వ్యాపారంలో నిలదొక్కుకోవాలంటే ఏం కావాలి?
— ఒక సోదరి, కావలి, నెల్లూరు జిల్లా

సమాధానం: సోదరీ, ముందుగా నా అభిప్రాయం చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. చేతిలో పనితనం ఉన్న మనిషి మీరు. ఈ వ్యాపారం చేయగలరు. అయితే ఇప్పుడున్న స్థితిలో 8 లక్షల అప్పు, పన్నెండు రకాలు, షోరూము వద్దు. సున్నిపిండి ఒక్కదానితో, వీలైతే తలనూనెను తోడు చేసుకొని మొదలుపెట్టండి. చట్టప్రకారం లైసెన్సు తీసుకోండి. ఒకసారి కొన్నవారు మీరు అడగకుండానే రెండోసారి వస్తున్నారని మీ పుస్తకంలో కనిపించిన తరువాతే అప్పు గురించి ఆలోచించండి. తెల్లబరిచే క్రీము జోలికి మాత్రం ఎన్నటికీ వెళ్ళకండి.

మీకు బాగుందని చెప్పినవారు అబద్ధం చెప్పలేదు. పెళ్ళింట్లో మీరు ప్రేమతో చేతిలో పెట్టిన పొట్లాన్ని వాడి చూసి, నిజంగానే బాగుండి, ఆ మాట అన్నారు. కానీ ఒక వస్తువు మీద ఉన్న అభిప్రాయం వేరు, దాన్ని డబ్బిచ్చి కొని వారం వారం వాడటం మీద ఉన్న అభిప్రాయం వేరు. ఐసెక్ ఐజెన్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త 1985లో ప్రతిపాదించి, 1991లో విపులంగా వివరించిన ఒక సిద్ధాంతాన్ని కొనుగోలుదారుల మీద పరిశోధన చేసేవారు నేటికీ విస్తృతంగా వాడుతున్నారు. మనిషికి ఒక పని చేయాలన్న ఉద్దేశం మూడింటి నుంచి పుడుతుందని ఆయన చెప్పారు: ఆ పని చేయడం తనకు మేలేనన్న భావన, తనకు ముఖ్యులైనవారు దాన్ని మెచ్చుకుంటారన్న నమ్మకం, ఆ పని తన చేతిలో ఉన్నదేనన్న ధీమా. ఆ ఉద్దేశం కలిగినంత మాత్రాన అది పనిగా మారి తీరుతుందనే హామీ కూడా లేదు. చేతిలో డబ్బు, దగ్గరలో దుకాణం, వాడటానికి తీరిక లేకపోతే మంచి ఉద్దేశం అక్కడే ఆగిపోతుంది.

దీన్ని మీ సున్నిపిండికి అన్వయించి చూడండి. ఉదయం ఏడు గంటలకు పిల్లల క్యారేజీలు సర్ది, బస్సు అందుకోవలసిన స్త్రీకి సున్నిపిండిని గిన్నెలో తడిపి, ఒంటికి రుద్దుకొని, ఆరనిచ్చి, కడుక్కొని, ఆపైన స్నానాల గది గచ్చు కూడా కడిగే వ్యవధి ఎక్కడిది? ఆమెకు మీ పిండి నచ్చింది, దాని వాసన నచ్చింది, కానీ రోజూ స్నానం చేసే వేళ చేతికి అందేది సబ్బు. అందువల్ల ఈ వస్తువును రోజువారీ సబ్బుకు బదులుగా అమ్మబోతే నిరాశే ఎదురవుతుంది. దీనికి తనదైన వేళలు ఉన్నాయి. ఆదివారం తలంటు, దీపావళి, సంక్రాంతి, పసిబిడ్డ స్నానం, పెళ్ళికూతురికి పెట్టే నలుగు. ఆ వేళల కోసం కొనేవారు ధర విషయంలో అంతగా వెనకాడరు, వాడటానికి తీరిక కూడా చేసుకుంటారు. శ్రావణం, మాఘం ముహూర్తాలకు నెల ముందే మీ సరుకు సిద్ధంగా ఉండాలి. పెళ్ళి కోసం ప్రత్యేకంగా ఒక పెట్టె తయారుచేసి, అందులో నలుగుపిండితో పాటు మన ఉదయగిరి చెక్క గరిటె ఒకటి చిన్నది పెడితే, కొన్న వారికీ ముచ్చటగా ఉంటుంది, మన జిల్లా చేతిపనికీ ఆదరువు దొరుకుతుంది.

ముఖ్యుల మాట అన్నది మన పట్టణాల్లో ఇంకా బలమైనది. పసిబిడ్డకు ఏది రుద్దాలో నిర్ణయించేది తల్లి కంటే ఎక్కువగా అమ్మమ్మ, నాయనమ్మ. కాలేజీ అమ్మాయికి స్నేహితురాలి ముఖమూ, ఫోనులో చూసిన వీడియోలూ ముఖ్యం. ముప్పై ఏళ్ళు దాటిన ఉద్యోగినికి తాను వెళ్ళే పార్లర్‌లో చెప్పిన మాట మీద గురి. మీరు పార్లర్‌లో పనిచేసిన మనిషి కాబట్టి ఈ మూడో దారి మీకు తెరిచి ఉంది. పదిమంది బ్యూటీషియన్లు మీ పిండిని తమ చేతులతో వాడి నమ్మితే, అది ఫ్యాన్సీ షాపు అద్దాల బీరువాలో కూర్చున్న దానికంటే ఎంతో మేలు. ఇక కొనడంలో ఉన్న ఇబ్బందులను మీరు గమనించారో లేదో: మీ సరుకు మీ ఇంట్లోనే దొరుకుతుంది, చుట్టాలు ధర అడగడానికి మొహమాటపడతారు, ఎంత పిండిని ఎన్ని నీళ్ళలో తడపాలో ప్యాకెట్టు మీద రాసి లేదు. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి కానీ కొనాలనుకున్నవారిని వెనక్కి పంపేవి సాధారణంగా ఇవే.

వీటన్నిటికంటే పెద్ద అడ్డంకి భయం. చీర నచ్చకపోతే బీరువాలో పెట్టవచ్చు. ముఖానికి పూసుకున్నది పడకపోతే పదిమందిలో తిరగలేరు. అందుకే సౌందర్య సాధనాల విషయంలో మనిషి కొత్త పేరును తేలికగా నమ్మడు. పెద్ద కంపెనీలు ప్రకటనలకు పెట్టే కోట్ల రూపాయల్లో సింహభాగం ఈ భయాన్ని పోగొట్టడానికే ఖర్చవుతుందని నేను భావిస్తాను. మీ దగ్గర ఆ కోట్లు లేవు కాబట్టి భయాన్ని వేరే విధంగా తగ్గించాలి. పొరుగున ఉన్న తమిళనాడులో, కడలూరు నుంచి వచ్చిన సి. కె. రంగనాథన్ 1983లో 15 వేల రూపాయల పెట్టుబడితో చిక్ షాంపూ ప్రారంభించారు. సీసా షాంపూ కొనలేని, కొనడానికి సాహసించని ఇళ్ళకు ఆయన చిన్న సాషే ప్యాకెట్టు ద్వారా చేరారు. ఏ కంపెనీవైనా సరే ఖాళీ సాషేలు తెచ్చినవారికి తమ షాంపూ సాషే ఒకటి ఉచితంగా ఇచ్చి, కొంతకాలానికి ఆ సదుపాయాన్ని తమ సాషేలకే పరిమితం చేశారు. ఒక్క తలస్నానానికి సరిపడే ప్యాకెట్టులో కొనేవారికి నష్టభయం దాదాపు లేదు, నచ్చితే మళ్ళీ కొనే దారి ఉంది. మీరు కూడా ఒక్కసారికి సరిపడే 20 గ్రాముల ప్యాకెట్టును 10 లేదా 15 రూపాయలకు ఇవ్వండి. ఉచితంగా మాత్రం ఇవ్వకండి. ఉచితంగా పుచ్చుకున్నవారి మెప్పు మీకు సమాచారం ఇవ్వదు. పది రూపాయలైనా పెట్టి కొన్నవారి మాట ఇస్తుంది.

ఇప్పుడు తెల్లబరిచే క్రీము సంగతి. ఇందులో మీకు లాభం కనిపిస్తున్నందువల్ల కాస్త విపులంగా చెప్పవలసి ఉంది. అడిగేవారు చాలామంది ఉన్నారన్నది నిజమే. నల్లగా ఉన్న ఆడపిల్లకు సంబంధం కుదరదనే మాట మన ఇళ్ళలో ఇంకా వినిపిస్తున్నంత కాలం అడుగుతూనే ఉంటారు. పేరూ ఊరూ లేకుండా కిలోల లెక్కన దొరికే అలాంటి క్రీముల్లో తరచుగా బయటపడేవి రెండు: పాదరసపు లవణాలు, స్టెరాయిడ్లు. పాదరసం చర్మంలో రంగు ఏర్పడకుండా అడ్డుకుంటుంది, దాంతోపాటు ఒంట్లోకి ఇంకి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రపిండాల జబ్బుతో వచ్చిన కొందరు రోగులను విచారించిన వైద్యులు, వారు వాడిన తెల్లబరిచే క్రీములే దానికి కారణమని గుర్తించారు. మన దేశపు 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం, కంటికి వాడేవి కాక మిగిలిన వాటిలో పొరపాటున కలిసిన పాదరసం సైతం పది లక్షల్లో ఒక వంతు దాటరాదు. కావాలని కలపడం పూర్తిగా నిషిద్ధం.

స్టెరాయిడ్ల మోసం మరింత సూక్ష్మమైనది. బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటివి కలిసిన క్రీము పూస్తే మొదటి రెండు మూడు వారాలు ముఖం నునుపుగా, తెల్లగా మెరుస్తుంది. ఆ తరువాత చర్మం పలచబడి, ఎర్రబారి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట, ఎరుపు ఇంకా పెరుగుతాయి, అందువల్ల వాడేవారు మానలేక మళ్ళీ కొంటారు. రెండోసారి కొనడమే గీటురాయి అని నేను పైన చెప్పాను. దానికి ఉన్న ఒకే మినహాయింపు ఇది. ఈ క్రీమును కొనేవారు తప్పకుండా తిరిగి వస్తారు, కానీ వారిని తెచ్చేది నమ్మకం కాదు, వ్యసనం వంటి ఒక అవస్థ. వారు మీ వీధివారు, మీ పొదుపు సంఘంవారు, వారి కూతుళ్ళు.

డబ్బా మీద మీ పేరు ఉంటే చట్టం దృష్టిలో బాధ్యత కూడా మీదే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఇతరులు తయారుచేసిన వస్తువు మీద తన గుర్తు వేసుకొన్న వ్యక్తి కూడా తయారీదారుగానే లెక్కకు వస్తాడు. రేపు ఎవరి ముఖమైనా పాడైతే చెన్నై వ్యాపారి కనిపించడు, కావలిలో మీరు కనిపిస్తారు. ఇతరుల దగ్గర తయారు చేయించుకొని సొంత పేరుతో అమ్మడం తనంతట తానుగా తప్పు కాదు. లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీ, ఆ లైసెన్సు నకలు, ప్రతి బ్యాచ్‌కు గుర్తింపు పొందిన ప్రయోగశాల పరీక్షా నివేదిక, లేబులు మీద తయారీదారు పేరు, చిరునామా ఉన్నప్పుడు అది సక్రమమైన వ్యాపారమే. ఆ కాగితాలు అడిగి చూడండి. ఇవ్వలేకపోతే ఆ మనిషితో సబ్బు వ్యాపారం కూడా చేయకండి.

మీ సొంత సరుకుకు కూడా ఈ కాగితాలు కావాలన్న సంగతి మీకు తెలిసినట్లు ఉత్తరంలో కనిపించలేదు. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం దృష్టిలో, శుభ్రపరచుకోవడానికి గానీ అందం పెంచుకోవడానికి గానీ మనిషి ఒంటికి రుద్దేది, పోసేది, చల్లేది, పూసేది ఏదైనా సౌందర్య సాధనమే. ఇంటి వాడకానికి చేసుకోవడం మీ ఇష్టం. అమ్మకానికి తయారుచేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు తప్పనిసరి. ఆయుర్వేద గ్రంథాల్లోని యోగాన్ని ఆయుర్వేద ఉత్పత్తిగా అమ్మదలిస్తే ఆయుష్ విభాగం వైపు నుంచి వేరే లైసెన్సు తీసుకోవాలి. తయారీ చోటు నివాసానికి వాడేదై ఉండకూడదు, నివాసపు గదులతో కలిసి ఉండకూడదు, కాబట్టి వంటింటి పొయ్యి మీద ఇది సాగదు. విడిగా ఒక గది గానీ షెడ్డు గానీ చూసుకోవాలి. తయారీని పర్యవేక్షించే అర్హుడైన మనిషి కూడా ఉండాలి. ఫార్మసీ డిప్లొమా ఉన్నవారే కాక, రసాయనశాస్త్రం ఒక సబ్జెక్టుగా ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులైన వారికి కూడా ఆ అర్హత ఉంది. మీరు చదివిన బైపీసీ ఇక్కడ అక్కరకు వస్తుంది, మరొకరికి జీతం ఇవ్వవలసిన అవసరం లేదు. సొంత చోటు కుదరకపోతే, లైసెన్సు ఉన్న మరొకరి ఫ్యాక్టరీ వసతులను వాడుకొనే ‘లోన్ లైసెన్సు’ పద్ధతి ఒకటి ఉంది. దానికీ బ్యాంకు రుణానికీ సంబంధం లేదు.

లేబులు మీద పేరు, తయారీ చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, కలిపిన పదార్థాలు, నికర బరువు, తయారైన నెల, ఎప్పటిలోగా వాడాలి, ఎమ్మార్పీ, ఫిర్యాదు చేయడానికి ఫోను నంబరు ఉండాలి. కొత్త పేరును నమ్మడానికి తటపటాయించే మనిషికి ఈ అక్షరాలే మొదటి ధైర్యం. జుట్టు మొలుస్తుందని, మచ్చలు మాయమవుతాయని, ఏ చర్మవ్యాధైనా తగ్గుతుందని ఒక్క మాట కూడా రాయకండి. ఆ మాటతో మీ నూనె సౌందర్య సాధనం కాక మందు అవుతుంది, చిక్కులు మొదలవుతాయి.

సున్నిపిండిలో ఏమేం వేస్తున్నారో మీరు వివరంగా రాయడం చాలా మంచిదైంది. పెసలు, శనగలు, బియ్యం, గులాబీ రేకులు, కచ్చూరాలు, వేపాకు, పసుపు బాగున్నాయి. బావంచాలు, ఎండబెట్టిన నిమ్మతొక్కల విషయంలో జాగ్రత్త అవసరం. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీద ఉన్నప్పుడు ఎండ తగిలితే మంట, బొబ్బలు, ఆ తరువాత నల్లమచ్చలు రావచ్చు. బొల్లి చికిత్సలో వైద్యులు దాన్ని వాడేది ఈ గుణం కోసమే. పొదలకూరు, గూడూరు ప్రాంతాల నిమ్మకు పేరున్నా, దాని తొక్కలోనూ ఇటువంటి గుణమే ఉన్న పదార్థాలు ఉన్నాయి. మే నెలలో మన దగ్గర కాసే ఎండలో ఇది చిన్న విషయం కాదు. పూర్వం నలుగు పెట్టుకొని ఇంటిపట్టున ఉండేవారు. ఇప్పుడు స్నానం చేసి గంటలోగా స్కూటీ మీద ఎండలోకి వెళ్తున్నారు. అమ్మకపు సరుకులో ఈ రెండూ మానేయండి. పసిబిడ్డల కోసం అమ్మే పిండిలో అయితే సుగంధ ద్రవ్యాలు కూడా వద్దు.

పసుపును పొడిగా కొనకండి. రంగు కోసం సీసపు క్రోమేటు కలిపే దుర్మార్గం పసుపు వ్యాపారంలో ఉన్నదే. దుగ్గిరాల యార్డు సరుకైనా, మరెక్కడిదైనా, కొమ్ములు తెచ్చి మీ ఎదుట మర పట్టించండి. మన తీరపు గాలిలో తేమ ఎక్కువ, అందువల్ల పప్పుల పిండికి పురుగు, బూజు త్వరగా పడతాయి. పప్పులను దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక మర పట్టించి, తేమ చొరని సంచుల్లో వెంటనే సీలు చేయాలి. ప్రతి బ్యాచ్ నుంచి రెండు ప్యాకెట్లు తీసి, తేదీ వేసి, నెలనెలా ఒకసారి తెరిచి చూడండి. ఎప్పటిలోగా వాడాలో నిర్ణయించడానికి మీకు అది మొదటి ఆధారం అవుతుంది. కొత్తగా వాడేవారు ముందురోజు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి చూసుకోవాలని ప్యాకెట్టు మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో వేయించండి. ఈ ఒక్క వాక్యం వల్ల అమ్మకం తగ్గుతుందని కొందరు మీకు చెబుతారు. నేను అలా అనుకోను. జాగ్రత్త చెప్పే అమ్మకందారును మన జనం ఎక్కువ నమ్ముతారు.

కలబంద జెల్‌ను ప్రస్తుతానికి మానేయండి. నీళ్ళున్న ఏ పదార్థంలోనైనా సూక్ష్మజీవులు పెరుగుతాయి. సరైన పాళ్ళలో ప్రిజర్వేటివ్ (సరుకు చెడకుండా కాపాడే పదార్థం), దానికి తగిన పరీక్షలు లేకుండా అది కొద్ది రోజుల్లోనే పాడవుతుంది, పైకి బాగానే కనిపించవచ్చు కూడా. పెదవుల బామ్‌లో కొబ్బరినూనె మోతాదు ఎక్కువైతే వేసవిలో అంగట్లోనే కరిగిపోతుంది. ఈ రెండూ తరువాతి దశకు వదిలేయండి.

ధర దగ్గరకు వద్దాం. ప్యాకెట్టుకు పదార్థాల ఖర్చు 40 రూపాయలు, అమ్మేది 80, కాబట్టి సగానికి సగం లాభమని రాశారు. సంచి, లేబులు 9 రూపాయలు, మర, కరెంటు 4 రూపాయలు అనుకుందాం. 50 ప్యాకెట్ల బ్యాచ్‌కు మీరూ, మీ ఆడపడుచూ రెండు రోజులు పనిచేస్తున్నారు. మనిషికి రోజుకు 400 రూపాయల కూలి కట్టినా 1,600 రూపాయలు, అంటే ప్యాకెట్టుకు 32. మొత్తం 85 రూపాయలు. మీరు ప్రతి ప్యాకెట్టు మీదా 5 రూపాయలు నష్టపోతున్నారు, మీ ఇద్దరి కష్టాన్ని లెక్క వేయనందువల్ల అది కనబడడం లేదు. అదే 150 ప్యాకెట్లను ఒక్క విడతలో మూడు రోజుల్లో చేయగలిగితే కూలి ప్యాకెట్టుకు 16కు దిగి, ఖర్చు 69 అవుతుంది. ఎమ్మార్పీ 120 పెట్టి, దుకాణానికి 30 వదిలినా మీకు 90 వస్తుంది, 21 మిగులుతుంది. నలుగుపిండి పెట్టెగా, నేరుగా పెళ్ళివారికి అమ్మితే ఇంకా ఎక్కువ. ఈ 21 రూపాయల్లోనే గది అద్దె, లైసెన్సు ఖర్చు, పాడైన సరుకు, దుకాణాల దగ్గర నిలిచిపోయే బాకీలు అన్నీ రావాలన్నది మరవకండి. ఫ్యాన్సీ షాపులు సరుకు అమ్ముడుపోయాక ఇస్తామంటాయి. అయిదు షాపులకు అలా ఇస్తే మీ పెట్టుబడి నెలల తరబడి వారి బీరువాల్లో ఉంటుంది. మొదటి ఏడాది రెండు షాపులకు మించి అరువు ఇవ్వకండి.

తలనూనె విషయంలో ఒక మార్పు గమనించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనె, షాంపూ, టాల్కం పౌడరు, స్నానపు సబ్బుల మీద జీఎస్టీని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. పెద్ద కంపెనీల నూనె కూడా ఆ మేరకు చవకైంది, కాబట్టి ధరలో వారితో పోటీ పడటం మరింత కష్టం. తాజాదనం, ఏమేం కలిపారో తెలిసిన భరోసా, మీ ముఖపరిచయం, ఇవే మీ బలాలు.

నిలదొక్కుకోవడానికి మనిషిలో ఏం ఉండాలన్న మీ ప్రశ్నకు మన తెలుగు నేల మీదే జరిగిన ఒక ప్రయోగం గుర్తుకు వస్తుంది. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడ చిన్న వ్యాపారులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ద్వారా స్వల్పకాలిక శిక్షణ ఇప్పించారు. శిక్షణ పొందినవారు తరువాతి కాలంలో ఇతరుల కంటే చురుకుగా కొత్త పనులు ప్రారంభించారని, పెట్టుబడులు పెంచారని తేలింది. వారికి నేర్పిన వాటిలో ముఖ్యమైనవి: మరీ తేలికా కాని, అసాధ్యమూ కాని లక్ష్యం పెట్టుకోవడం, ఫలితానికి తానే బాధ్యత వహించడం, తన పని ఎలా సాగుతోందో ఎప్పటికప్పుడు కచ్చితంగా తెలుసుకోవడం. మీ పన్నెండు రకాల పథకాన్ని ఈ కొలతతో చూస్తే, అందులో ధైర్యం ఉంది కానీ తెలుసుకొనే మార్గం లేదు. పన్నెండింటిలో ఏది ఎందుకు అమ్ముడుపోలేదో ఎలా తెలుస్తుంది?

అందువల్ల లైసెన్సు చేతికి వచ్చి అమ్మకం మొదలుపెట్టిన రోజు నుంచి ఒక పుస్తకం పెట్టండి. కొన్నవారి పేరు, తేదీ, ఎవరు చెప్పగా వచ్చారు, ఎందుకోసం కొన్నారు, మళ్ళీ ఎప్పుడు వచ్చారు అని రాయండి. ముప్పై మంది కొంటే, మూడు నెలల్లో మీరు గుర్తుచేయకుండా పదిమందైనా తిరిగి వస్తే సరుకులో సత్తువ ఉన్నట్లే అని నా లెక్క. తిరిగి రానివారిలో నలుగురి ఇళ్ళకు వెళ్ళి, కొనమని అడగకుండా, ఆ ప్యాకెట్టు ఇప్పుడు ఎక్కడుందో చూపించమనండి. సగం మిగిలి అటక మీద ఉంటే వాడటంలో ఇబ్బంది ఉంది. అయిపోయినా కొనకపోతే ధరలోనో, దొరకడంలోనో ఇబ్బంది ఉంది. ఈ రెండింటికీ మందులు వేరు. మీ పొదుపు సంఘం ఇందులో మీకు పెద్ద అండ. 1992లో దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు నిలిచిన జిల్లా మనది, ఆ ఉద్యమం వెనువెంటనే ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు ఊరూరా వేళ్ళూనిన జిల్లా కూడా. సంఘంలో కూర్చొని మొహమాటం లేకుండా లోపాలు చెప్పమని అడగండి. మెప్పు వద్దని ముందే చెప్పండి.

అప్పు విషయం చివరగా. పుస్తకంలోని లెక్క అనుకూలంగా ఉంటే, ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. అందులో స్త్రీలు తమ వాటాగా 5 శాతం పెడితే చాలు. రాయితీ పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం. 8 లక్షల పథకానికి మీరు పెట్టవలసింది 40 వేలు. యూనిట్ కావలి పట్టణంలో ఉంటే 2 లక్షలు, పక్క గ్రామంలో ఉంటే 2 లక్షల 80 వేలు రాయితీ. ఆ రాయితీ వెంటనే చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులో మీ పేరిట నిలిచి ఉండి తరువాత అప్పులో జమ అవుతుంది. ఈ పథకం కొత్త యూనిట్లకు మాత్రమే వర్తిస్తుంది, కాబట్టి పరీక్షగా సాగే అమ్మకాన్ని ‘లోన్ లైసెన్సు’ మీద నడపడం, సొంత యూనిట్‌ను పథకం కిందే మొదలుపెట్టడం గురించి నెల్లూరులోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో ముందుగానే అడిగి, అర్హత పోకుండా చూసుకోండి. చిన్న మొత్తం చాలనుకుంటే ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50 వేల వరకు హామీ లేకుండా ఇస్తారు. ఆహార ఉత్పత్తుల యూనిట్లకు ఇచ్చే రాయితీలు సున్నిపిండికి వర్తించవు. పప్పుల పిండే కదా అని ఎవరైనా ఆశ చూపితే నమ్మకండి.

మీ వారు వెనకాడటాన్ని వ్యతిరేకతగా తీసుకోకండి. పై ఖర్చుల లెక్కను ఆయనతో కలిసి కూర్చొని మీ సొంత అంకెలతో మళ్ళీ వేయండి, అమ్మకాల పుస్తకం రాసే పనిని ఆయనకే అప్పగించండి. మాఘమాసపు పెళ్ళిళ్ళు ముగిశాక ఆ పుస్తకాన్ని ఇద్దరూ కలిసి చదివి, షెడ్డు ఎక్కడ, అప్పు ఎంత అన్నది అప్పుడు నిర్ణయించుకోండి.